బెంగళూరులో ఫ్లాట్ ఉంటే యూకేలో ఉన్న అమ్మకి పెన్షన్ క్రెడిట్ వస్తుందా?

మీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్తాను, నేను తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. అమ్మగారికి 74 ఏళ్ళు, బ్రిటిష్ పౌరురాలు, లండన్‌లో కౌన్సిల్ ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. స్టేట్ పెన్షన్ వారానికి 130 పౌండ్లు. మారతహళ్ళిలో అమ్మా నాన్నల ఇద్దరి పేర్ల మీదా ఒక ఫ్లాట్ ఉంది. నాన్నగారు విల్లు రాయకుండా పోయారు, పిల్లలు మీరూ మీ చెల్లెలూ. ఫ్లాట్ కోటికి కాస్త అటూ ఇటూగా ఉంటుందని మీ అంచనా, అద్దె 28 వేలు వస్తోంది. "ఇల్లుందని చెప్తే బెనిఫిట్ రాదంటున్నారు, గిఫ్ట్ డీడ్ రాసి నా పేరు మీదకి మార్చేస్తే సరిపోతుందా?" అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే: ఫ్లాట్ ఉన్నంత మాత్రాన పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్ళకి యూకే ప్రభుత్వం ఇచ్చే సాయం) రాకుండా పోదు. గిఫ్ట్ డీడ్ మాత్రం రాయించకండి. మీరిచ్చిన అంకెల ప్రకారం అమ్మగారు అర్హత గీతకి కాస్త లోపలే ఉన్నారు. కానీ అంచుకి దగ్గరగా ఉన్నారు కాబట్టి లెక్క పైసాతో సహా సరిగ్గా వేయాలి.

పెన్షన్ క్రెడిట్‌లో ఆస్తికి పై పరిమితి అంటూ లేదు. "16 వేల పౌండ్లు దాటితే అంతే" అని మీకెవరో చెప్పారన్నారు, అది హౌసింగ్ బెనిఫిట్ (ఇంటి అద్దెకిచ్చే సాయం) రూలు, దాని సంగతి కిందకి వస్తుంది. పెన్షన్ క్రెడిట్‌లో సేవింగ్స్, పెట్టుబడులు, తాను నివసించని ఇళ్ళు అన్నీ కలిపి మొదటి 10,000 పౌండ్లు వదిలేస్తారు. ఆ పైన ప్రతి 500 పౌండ్లకీ, 500లో ఎంత ముక్క మిగిలినా దానికీ, వారానికి 1 పౌండు ఆదాయం వస్తున్నట్టు ఊహించుకుంటారు. దాన్ని స్టేట్ పెన్షన్‌కి కలిపి, 2025-26లో ఒంటరి వ్యక్తికైతే 227.10 పౌండ్లకి ఎంత తక్కువైతే అంత ఇస్తారు. ఈ అంకె ప్రతి ఏప్రిల్‌లో మారుతుంది, మీరు అప్లై చేసే ఏడాది అంకె పెట్టి లెక్క మళ్ళీ వేయండి.

ఇల్లు ఇండియాలో ఉందా ఇటలీలో ఉందా అన్నది పెద్ద తేడా కాదు. అమ్మిన డబ్బు యూకేకి పంపడానికి ఆ దేశంలో నిషేధం ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. మన దగ్గర నిషేధం లేదు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇండియాలో వచ్చే డబ్బు కోసం పెట్టుకునే బ్యాంకు ఖాతా) నుంచి పన్నులు కట్టాక ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. కాబట్టి ఇక్కడి మార్కెట్ ధరనే తీసుకుంటారు. అమ్మకానికి ఖర్చులుంటాయి కనుక అందులో 10 శాతం తీసేస్తారు. ఆ ఇంటి మీద తాకట్టు అప్పు ఉంటే అదీ తీసేస్తారు. బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నది మాత్రం తీసేయరు, తాకట్టు రాతపూర్వకంగా ఉండాలి.

అమ్మగారి వాటా ఎంతో ముందు తేల్చండి. ఈ ఫైళ్ళలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. కొందరు "ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది, ఖాతా (మున్సిపాలిటీ పన్ను రికార్డు) మార్చలేదు" అని అసలు రాయరు. ఇంకొందరు మొత్తం ఇల్లు తనదే అని రాసేస్తారు. రెండూ తప్పే. వాటా తేల్చేది ఇల్లు ఉన్న చోటి చట్టం. సేల్ డీడ్‌లో వాటాలు రాయకపోతే, ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే, దంపతులకి చెరి సగం. నాన్నగారి సగం హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మొదటి తరగతి వారసులకి సమానంగా వెళ్తుంది. అంటే భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ తలా ఆరో వంతు. అమ్మగారి మొత్తం వాటా సగం ప్లస్ ఆరో వంతు, అంటే మూడింట రెండొంతులు. నాన్నగారు పోయేనాటికి ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడకీ ఒక వాటా ఉండేది, అప్పుడు అమ్మగారిది 5/8కి తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నామినీగా ఎవరి పేరు ఉందన్నది, ఈ-ఖాతా ఎవరి పేరు మీద ఉందన్నది ఈ లెక్కని మార్చవు. నామినీ హక్కుదారు కాదు, ఖాతా పన్ను రికార్డు మాత్రమే.

ఇప్పుడు లెక్క. సులువుగా ఉండటానికి పౌండుకి 110 రూపాయలు అనుకుందాం. ఫ్లాట్ మార్కెట్ ధర 99 లక్షలు అనుకుంటే అది 90,000 పౌండ్లు. అందులో రెండొంతులు 60,000. 10 శాతం తీస్తే 54,000. మొదటి 10,000 వదిలితే 44,000. దాన్ని 500తో భాగిస్తే 88. అంటే వారానికి 88 పౌండ్ల ఊహా ఆదాయం. 130కి కలిపితే 218. 227.10కి తక్కువైంది 9.10 పౌండ్లు, అదే ఆమెకొచ్చే గ్యారంటీ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్‌లో అసలు భాగం.

"ఇంత తతంగం తొమ్మిది పౌండ్ల కోసమా?" అంటారని తెలుసు. ఆ తొమ్మిది పౌండ్లు తాళంచెవి లాంటివి. గ్యారంటీ క్రెడిట్ ఒక్క పౌండు వచ్చినా హౌసింగ్ బెనిఫిట్‌కి 16,000 పరిమితి వర్తించదు, కౌన్సిల్ ఫ్లాట్ అద్దె దాదాపు మొత్తం వాళ్ళే భరిస్తారు. కౌన్సిల్ టాక్స్ తగ్గుతుంది, పళ్ళ డాక్టరు, కళ్ళజోడు ఖర్చులు కలిసొస్తాయి. అది రాకపోతే ఆమె చేతిలో 54,000 పౌండ్ల ఆస్తి ఉన్నట్టు లెక్క కనుక హౌసింగ్ బెనిఫిట్ సున్నా. అమ్మగారికి 2016 ఏప్రిల్ 6కి ముందే పెన్షన్ వయసు వచ్చింది కాబట్టి సేవింగ్స్ క్రెడిట్ అనే ఇంకో చిన్న భాగం కూడా కలిసే వీలుంది. ఒకటే ఫారం, వేరుగా అడగక్కర్లేదు.

గీత ఎక్కడుందో చూడండి. ఆమెకి మిగిలిన జాగా 97.10 పౌండ్లు, అంటే ఊహా ఆదాయం 97 దాకా పర్వాలేదు, 98 అయితే గ్యారంటీ క్రెడిట్ పోయినట్టే. వెనక్కి లెక్కేస్తే నికరంగా 58,500 పౌండ్లు. వేరే సేవింగ్స్ ఏమీ లేకపోతే, ఇదే మారకం రేటుకి, ఫ్లాట్ మొత్తం ధర ఒక కోటీ 7 లక్షల 25 వేలు. మీరు "కోటికి అటూ ఇటూ" అన్నారు చూడండి, ఆ అటూ ఇటూలోనే అంతా ఉంది.

అందుకే నోటి అంచనా పెట్టకండి, రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు తీయించండి. బ్రోకర్ వాట్సాప్‌లో పంపిన రేటు కాదు, పోర్టల్‌లో అడిగే రేటు కాదు. అడిగే రేటు ఎప్పుడూ పలికే రేటు కన్నా ఎక్కువే. అలాగని సబ్ రిజిస్ట్రార్ గైడెన్స్ విలువ చూపించి "ఇంతే" అనడమూ తప్పు. అది స్టాంపు డ్యూటీ కోసం పెట్టిన కనీస విలువ, డీడబ్ల్యూపీ (బెనిఫిట్లు చూసే యూకే ప్రభుత్వ శాఖ) అడిగేది మార్కెట్ ధర. అదే అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య బ్యాంకు లోనుతో అమ్ముడైన ఫ్లాట్ల సేల్ డీడ్‌లు దొరికితే అవి మంచి ఆధారం, లోను ఉన్న చోట రాసిన ధర నిజానికి దగ్గరగా ఉంటుంది. మిగతా చోట్ల సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వాల్యుయర్‌కి రెండు ప్రశ్నలు వేయండి. ఒకటి, ఫ్లాట్ మొత్తానికి ధర ఎంత. రెండు, విభజించని మూడింట రెండొంతుల వాటా విడిగా అమ్మితే ఎంత పలుకుతుంది. రెండోది చాలామంది అడగరు. వారసత్వ చట్టంలోని సెక్షన్ 19 ప్రకారం మీ ముగ్గురూ ఎవరి వాటా వాళ్ళకున్న సహ యజమానులు, కాబట్టి లెక్కలోకి రావాల్సింది అమ్మగారి అసలు వాటాకి బజారులో వచ్చే ధర. ముక్క వాటా కొనేవాడు దొరకడం కష్టం. ఉదాహరణకి వాల్యుయర్ ఆ కారణంతో 15 శాతం తగ్గించాడనుకోండి. 60,000 కాస్తా 51,000 అవుతుంది, 10 శాతం తీస్తే 45,900, ఊహా ఆదాయం 72, గ్యారంటీ క్రెడిట్ 25.10. అయితే మీరిద్దరూ అమ్మడానికి సిద్ధంగా ఉంటే ఈ తగ్గింపు అంతగా నిలబడదు, మీలో ఎవరైనా అందులో కాపురం ఉంటే బాగా నిలబడుతుంది. రిపోర్టులో తగ్గింపు ఎంతో రాస్తే చాలదు, ఎందుకో కూడా రాయించాలి. బి-ఖాతా (అనుమతులు సరిగ్గా లేని ఇళ్ళకిచ్చే ఖాతా), పార్కింగ్ వివాదం, కట్టని పన్ను బకాయిలు లాంటివి ఉంటే అవీ రాయించండి, ధర తగ్గించేవి అవే. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరీ పోర్టల్ నుంచి ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి జత చేయండి.

అద్దె గురించి. ఇంటి విలువని ఆస్తిగా లెక్కేసినప్పుడు దాని అద్దెని మళ్ళీ ఆదాయంగా కలపకూడదు. 28 వేలు అంటే నెలకి సుమారు 254 పౌండ్లు. దాన్ని ఫారంలో ఆదాయం గడిలో రాసి, ఇంటిని ఆస్తి గడిలో రాసి, రెండుసార్లు దెబ్బ తిన్నవాళ్ళున్నారు. అద్దె వస్తోందని దాచకుండా చెప్పండి, లెక్క ఎలా వేశారో నిర్ణయం ఉత్తరంలో సరిచూసుకోండి. ఖర్చు కాకుండా ఖాతాలో పోగైన అద్దె మాత్రం సేవింగ్సే, ఎన్‌ఆర్‌ఓ బ్యాలెన్స్ కూడా అదే కుప్పలో పడుతుంది. పై లెక్కలో 54,000 ఉందా, ఎన్‌ఆర్‌ఓలో 5.5 లక్షలు, అంటే 5,000 పౌండ్లు పోగయ్యాయనుకోండి, 59,000 అయింది, ఊహా ఆదాయం 98, గీత దాటేశారు.

ఇక్కడ రెండు సంగతులు. అద్దెలో మూడో వంతు నిజానికి మీదీ మీ చెల్లెలిదీ. అది మీ ఖాతాల్లోకి నేరుగా వేయించుకుంటే అది దానం కాదు, ఎవరి డబ్బు వాళ్ళు తీసుకున్నట్టు. రెండోది బెంగళూరు ప్రత్యేకం: అడ్వాన్సు. అద్దెకున్నవాళ్ళు ఇచ్చిన నెలల తరబడి అడ్వాన్సు అమ్మగారి ఖాతాలో పడి ఉంటే, చూసేవాళ్ళకి అది సేవింగ్స్ లాగే కనిపిస్తుంది. తిరిగివ్వాల్సిన అప్పే కదా అంటే, తాకట్టు లేని అప్పుల్ని మామూలుగా తీసేయరు. అద్దె అగ్రిమెంటు కాపీ పెట్టి వివరించండి. ఆ డబ్బు రోజువారీ ఖాతాలో కలిసిపోకుండా విడిగా ఉంటే వివరించడం తేలిక.

గిఫ్ట్ డీడ్ ఎందుకు వద్దంటున్నాను. బెనిఫిట్ రావాలనో పెరగాలనో ఆస్తి వదులుకుంటే, అది ఇంకా ఆమె దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. గిఫ్ట్ డీడ్ అయినా, హక్కు విడుదల పత్రం అయినా, తక్కువ ధరకి అమ్మినట్టు రాసుకున్నా ఒకటే. "అయిదేళ్ళు దాటితే అడగరు" అన్న మాట ఈ బెనిఫిట్‌కి వర్తించదు, ఎన్నేళ్ళ వెనక్కైనా చూడొచ్చు. వాళ్ళు చూసేది ఉద్దేశం. మీరు ప్రశ్నలోనే "బెనిఫిట్ కోసం మార్చేస్తే" అని రాశారు, ఇంక ఉద్దేశం గురించి వాదించడానికి ఏముంది! ఫలితంగా ఇల్లూ పోతుంది, బెనిఫిట్టూ రాదు. రానందువల్ల పోయిన మొత్తాన్ని బట్టి ఆ ఊహా ఆస్తిని మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతారు కానీ, వారానికి కొన్ని పౌండ్ల చొప్పున 54,000 కరగడం ఎన్నాళ్ళ మాటో మీరే ఊహించండి. ఉన్న అప్పు తీర్చడం, తన అవసరాలకి సబబుగా ఖర్చు పెట్టుకోవడం మాత్రం తప్పు కాదు, రసీదులు ఉంచుకోండి.

దాచిపెట్టడం గురించి కూడా ఒక మాట. ఇండియా, యూకే మధ్య బ్యాంకు ఖాతాల సమాచార మార్పిడి 2017 నుంచి నడుస్తోంది. ఫ్లాట్ అందులో కనిపించదు, నెలనెలా అద్దె పడే ఎన్‌ఆర్‌ఓ ఖాతా కనిపిస్తుంది. దొరికాక ఇచ్చిందంతా వెనక్కి కట్టమంటారు, హౌసింగ్ బెనిఫిట్‌తో సహా. అదే పెద్ద మొత్తం. కావాలనే దాచారని తేలితే కేసు దాకా పోతుంది.

ఇంటి విలువని అసలు లెక్కలోకే తీసుకోని సందర్భాలు కొన్ని ఉన్నాయి, మన కుటుంబాలకి బాగా పనికొచ్చేవి రెండు.

మొదటిది, ఆ ఇంట్లో దగ్గరి బంధువు కాపురం ఉండి, ఆ బంధువుకి యూకే పెన్షన్ వయసు, అంటే 66 (2026 నుంచి మెల్లగా 67కి పెరుగుతోంది), దాటి ఉండటం. లేదా అనారోగ్యంతో పనిచేయలేని స్థితిలో ఉండటం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, మనవలు, మేనమామ, మేనత్త, మేనల్లుడు, మేనకోడలు అందరూ ఈ జాబితాలో ఉన్నారు. చెన్నై వెస్ట్ మాంబళంలో ఉమ్మడి పాత ఇల్లు, అందులో 70 దాటిన అన్నగారు ఉంటున్నారు, లండన్‌లో ఉన్న చెల్లెలికి అందులో నాలుగో వంతు వాటా. ఇలాంటి కేసులో ఆమె వాటా పూర్తిగా వదిలేయాలి. కానీ ఫారంలో "అన్నయ్య ఉంటున్నాడు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఆయన ఆధార్, పుట్టిన తేదీ రుజువు, అదే చిరునామాతో కరెంటు బిల్లు పెట్టాలి. మీ కేసులో అద్దెకున్నది బయటివాళ్ళు కనుక ఇది వర్తించదు. వయసు దాటిన పిన్నిగారో మేనమామగారో నిజంగా అక్కడ ఉండబోతే చెప్పండి, కాగితం మీద మాత్రం ఉంచకండి.

రెండోది, ఇంటిని నిజంగా అమ్మకానికి పెట్టడం. మొదటి అడుగు వేసిన రోజు నుంచి 26 వారాలు, సబబైన కారణం ఉంటే ఇంకా ఎక్కువ కాలం, విలువని పక్కన పెడతారు. బ్రోకర్‌కి ఇచ్చిన లేఖ, ప్రకటన, చూడడానికి వచ్చినవాళ్ళ వివరాలు తేదీలతో దాచుకోండి. మన దగ్గర 26 వారాలు ఇట్టే గడిచిపోతాయి. వారసుల ధ్రువీకరణకీ, వంశవృక్షానికీ, ఖాతా మార్పుకీ, ఈ-ఖాతాకీ నెలలు పడుతుంది. అమ్మగారు అక్కడి నుంచి పవరాఫ్ అటార్నీ పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించాలి, ఇది మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి చేయించుకునేవాళ్ళు ఎక్కువ. అమ్మేది ఎన్నారై కనుక కొనేవాళ్ళు పట్టుకోవాల్సిన టీడీఎస్ మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ. తక్కువ పట్టుకునేలా ముందే సర్టిఫికెట్ తీసుకోకపోతే బేరం అక్కడే చెడుతుంది. ఈ ఆలస్యాలన్నీ గడువు పొడిగించడానికి మంచి కారణాలే, కాగితం రుజువు ఉంటే. అమ్మాక వచ్చిన డబ్బు మాత్రం మామూలు సేవింగ్సే, 10 శాతం తగ్గింపు కూడా ఉండదు.

మీరు అడగలేదు కానీ అడగాల్సింది ఇంకొకటుంది. అమ్మగారు ఏటా చలికాలం మూడు నెలలు మీ దగ్గరకి వస్తారన్నారు. దేశం దాటి నాలుగు వారాలకి మించి ఉండబోతే పెన్షన్ క్రెడిట్ బయల్దేరిన రోజు నుంచే ఆగిపోతుంది, నాలుగు వారాలు నిండాక కాదు. హౌసింగ్ బెనిఫిట్‌కీ అదే నాలుగు వారాల రూలు, కాబట్టి ఆ మూడు నెలల అద్దె చేతి నుంచి పోతుంది. దగ్గరి వాళ్ళు పోతే 8 వారాల దాకా, వైద్యం కోసమైతే 26 వారాల దాకా వీలుంది. కంటి ఆపరేషనో మోకాలి ఆపరేషనో ఇక్కడ చేయించే ఉద్దేశం ఉంటే, ఆసుపత్రి లేఖ ప్రయాణానికి ముందే తెప్పించి వాళ్ళకి చెప్పి రావాలి. పూర్తిగా బెంగళూరు వచ్చేస్తే పెన్షన్ క్రెడిట్ ఉండదు, స్టేట్ పెన్షన్ వస్తుంది కానీ ఇండియాలో ఉన్నవాళ్ళకి ఏటా పెరగదు, వచ్చిన రోజు అంకె దగ్గరే ఆగిపోతుంది.

ఇది చదివి అమెరికా, ఆస్ట్రేలియా వాళ్ళు ఇదే లెక్క వేసుకోకండి. అమెరికాలో ఎస్‌ఎస్‌ఐకి (ఆదాయం తక్కువున్న వృద్ధులకి, వికలాంగులకి ఇచ్చే సాయం) ఒంటరి వ్యక్తి ఆస్తి పరిమితి 2,000 డాలర్లు, తాను నివసించే ఇల్లు కాకుండా అమ్ముకోగల ఫ్లాట్ ఎక్కడున్నా దాదాపు తలుపు మూసుకున్నట్టే. దానంగా ఇచ్చేస్తే 36 నెలల దాకా అనర్హత పడొచ్చు. ఆస్ట్రేలియా ఏజ్ పెన్షన్‌లో దానాలకి ఏడాదికి 10,000 డాలర్లు, అయిదేళ్ళలో 30,000 అన్న హద్దు ఉంది, పైది అయిదేళ్ళు మీదే అన్నట్టు లెక్క. ఆ అయిదేళ్ళ మాటే ఊళ్ళు దాటి యూకే వాళ్ళ చెవిన పడిందని నా అనుమానం.

అప్లై చేయడం కష్టమేమీ కాదు. అమ్మగారు యూకేలో ఉండగా 0800 99 1234కి ఫోన్ చేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. అర్హత ఉంటే మూడు నెలల వెనక నుంచి ఇస్తారు, అడగడం మాత్రం మరవకండి. ఫోన్‌లో ఆస్తి గురించి అడిగినప్పుడు "ఇండియాలో ఒక ఫ్లాట్‌లో నాకు మూడింట రెండొంతుల వాటా ఉంది, వాల్యుయేషన్ రిపోర్టు పంపుతాను" అనమనండి. "ఇండియాలో ఇల్లుంది" అంటే మొత్తం ఇల్లు రాసుకుంటారు. సేల్ డీడ్, నాన్నగారి మరణ ధ్రువీకరణ, వారసుల కాగితం, వాల్యుయేషన్, ఎన్‌ఆర్‌ఓ స్టేట్‌మెంట్, అద్దె అగ్రిమెంటు సిద్ధంగా ఉంచండి. కన్నడలో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం చేయించండి. నిర్ణయం ఉత్తరం వచ్చాక ఆస్తి అంకె ఎంత వేశారో రాతపూర్వకంగా అడిగి చూడండి. వాటాకి బదులు మొత్తం వేసినా, 10 శాతం తీయకపోయినా, ఒక నెలలోగా పునఃపరిశీలన అడగాలి. ఈసారి చలికాలం టికెట్లు తీసేముందే క్లెయిము వేసేయండి.